2016 బంగాళాఖాతం ఏ.ఎన్-32 విమాన ప్రమాదం

2016 జూలై 22న భారత వాయుసేనకు చెందిన ఏ.ఎన్-32 రవాణా విమానం ఒకటి చెన్నై సమీపంలోని తాంబరం వాయుసేనా స్థావరం నుండి అండమాన్ దీవులలోని పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుండి శ్రీ విజయపురం) వెళ్తూ బంగాళాఖాతంపై అదృశ్యమైంది. విమానంలో ఉన్న 29 మందీ మరణించారు. వీరిలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధ డిపోలో పనిచేసే పౌర ఉద్యోగులు. విమాన శకలాలు ఏడున్నర సంవత్సరాల తరువాత, 2024 జనవరిలో, సుమారు 3,400 మీటర్ల లోతున సముద్రపు అడుగున కనిపించాయి.

విమానం కూలిపోవడానికి యాంత్రిక లోపం కారణమా, ప్రతికూల వాతావరణం కారణమా, లేక రెండూ కలిసాయా అన్నది తేలలేదు. విమాన ప్రమాదాలలో కారణం తెలియాలంటే శకలాలు కావాలి, విమానంలోని రికార్డర్లు కావాలి. ఈ ప్రమాదంలో అవి సకాలంలో చేతికి అందలేదు. ఎందుకు అందలేదన్నది ప్రమాదమంత ముఖ్యమైన విషయం.

విమానం

ఏ.ఎన్-32 రెండు ఇంజన్లు గల టర్బోప్రాప్ రవాణా విమానం. ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని ఆంటొనోవ్ సంస్థ దీనిని సోవియట్ కాలంలో, అంతకు ముందున్న ఏ.ఎన్-26 నమూనా ఆధారంగా రూపొందించింది. మొదటిసారి 1976లో ఎగిరింది. ఎండ తీవ్రంగా ఉన్నచోట, ఎత్తైన కొండ ప్రాంతాలలో గాలి పలుచగా ఉండి ఇంజన్ల శక్తి తగ్గుతుంది. అట్టి చోట్ల కూడా పనిచేయాలన్న ఉద్దేశంతో దీనికి ఒక్కొక్కటి 5,000 అశ్వశక్తికి మించిన ఏ.ఐ-20 ఇంజన్లను అమర్చారు. పెద్ద ప్రొపెల్లర్లు నేలకు తగలకుండా ఉండేందుకు ఇంజన్లను రెక్కలకు బాగా పైన నిలిపారు. ఈ విమానాన్ని దూరం నుండి చూసినా గుర్తుపట్టగలిగేది ఈ లక్షణం వల్లనే. సుమారు 6.7 టన్నుల బరువును గానీ, 50 మంది ప్రయాణికులను గానీ మోయగలదు.

భారత వాయుసేన వీటిని 1984 నుండి వంద పైచిలుకు సమకూర్చుకుంది. లడఖ్‌లోని ఎత్తైన స్థావరాలకూ, అరుణాచల్ ప్రదేశ్‌లోని చిన్న చిన్న రన్‌వేలకూ, అండమాన్ దీవులకూ మనుషులను, సరకులను చేరవేసే నిత్యకృత్యమైన పని చాలావరకు దీనిదే. యుద్ధవిమానాలకు వచ్చినంత పేరు రవాణా విమానాలకు రాదు గానీ, సరిహద్దు స్థావరాలలో ఉన్నవారికి ఉప్పు, పప్పు, మందులు, ఉత్తరాలు అందేది వీటి ద్వారానే.

విమానాల వయసు పెరగడంతో 2009లో ఉక్రెయిన్‌తో ఆధునికీకరణ ఒప్పందం కుదిరింది. కొన్ని విమానాలను ఉక్రెయిన్‌లో, మిగిలిన వాటిని కాన్పూరులోని వాయుసేన మరమ్మతు డిపోలో నవీకరించాలన్నది పథకం. 2014లో రష్యా, ఉక్రెయిన్‌ల మధ్య మొదలైన సంక్షోభం వల్ల విడిభాగాల సరఫరాకు ఆటంకం కలిగి ఈ పని మందగించింది.

ప్రమాదానికి గురైన విమానం సంఖ్య కె-2743. ఇది తమిళనాడులోని సూలూరు స్థావరంలో ఉన్న 33వ స్క్వాడ్రన్‌కు చెందినది. 2015లో దీనికి సమగ్ర మరమ్మతు, నవీకరణ జరిగాయి. ఆ తరువాత ఇది 279 గంటలు ఎగిరిందని ప్రభుత్వం వెల్లడించింది. ఒక రవాణా విమానానికి ఇది చాలా తక్కువ. కనుక "పాత విమానం, పాడైపోయింది" అన్న సులభమైన వివరణ ఇక్కడ చాలదు. అయితే మరమ్మతు జరిగిన విమానంలో లోపం ఉండదనీ చెప్పలేము. ప్రమాదానికి ముందు, అదే నెలలో ఈ విమానంలో కొన్ని చిన్న సాంకేతిక లోపాలు తలెత్తాయని, వాటిని సరిచేసి విమానాన్ని మళ్ళీ ఎగురవేశారని అప్పట్లో పత్రికలలో వార్తలు వచ్చాయి.

విమానంలో ఉన్నవారు

విమాన సిబ్బంది ఆరుగురు. ప్రయాణికులలో వాయుసేనకు చెందినవారు 11 మంది, సైనికదళం వారు ఇద్దరు, నౌకాదళం నుండి ఒకరు, తీర రక్షక దళం నుండి ఒకరు, నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు ఎనిమిది మంది.

విశాఖపట్నంలో ఈ డిపోను అందరూ ఆంగ్ల పొడి అక్షరాలతో ఎన్.ఎ.డి. అంటారు. నగరానికి పశ్చిమాన, జాతీయ రహదారిపై ఉన్న "ఎన్.ఎ.డి. కొత్త రోడ్డు" కూడలికి ఆ పేరు ఈ సంస్థ వల్లనే వచ్చింది. గాజువాక వైపు, గోపాలపట్నం వైపు వెళ్ళే బస్సులలో రోజూ వేలమంది పలికే పేరు ఇది. నౌకలలోని ఫిరంగులు, టార్పెడోలు, ఇతర ఆయుధ సామగ్రిని భద్రపరచి, పరీక్షించి, బాగుచేయడం డిపో పని. తూర్పు నౌకాదళ కేంద్రం విశాఖలో ఉండగా, నౌకలు అండమాన్‌లోనూ ఉంటాయి. అక్కడి సామగ్రికి మరమ్మతు కావలసి వచ్చినపుడు నిపుణులైన కార్మికులు ఇక్కడి నుండి వెళ్తారు. ఆ ఎనిమిది మంది ప్రయాణం అట్టిదే. వారు యూనిఫారం వేసుకునే సైనికులు కారు. ఇటువంటి వార్తలలో "రక్షణ శాఖ పౌర సిబ్బంది" అన్న ఒక్క మాటతో వీరి ప్రస్తావన ముగిసిపోతుంది.

అదృశ్యం

తాంబరం నుండి పోర్ట్ బ్లెయిర్‌కు ఈ విమానాలు క్రమం తప్పకుండా నడిచేవి. దూరం సుమారు 1,370 కి.మీ., ప్రయాణ సమయం సుమారు మూడు గంటలు. దారి పొడవునా కింద సముద్రమే గాని అత్యవసరంగా దిగడానికి చోటు లేదు.

జూలై 22 ఉదయం 8:30కి విమానం తాంబరం నుండి బయలుదేరింది. నేలపై ఉన్న నియంత్రణ కేంద్రంతో జరిగిన సంభాషణలలో ఆందోళన కలిగించేది ఏదీ లేదు. దారిలో దట్టమైన క్యుములోనింబస్ మేఘాలు ఉన్నందున పైలట్ మార్గాన్ని కొద్దిగా మళ్ళించేందుకు అనుమతి కోరాడు. 9:12 గంటలకు, చెన్నైకి తూర్పున సుమారు 280 కి.మీ. దూరంలో, విమానం రాడార్ తెరపై నుండి మాయమైంది. 23,000 అడుగుల (సుమారు 7,000 మీటర్లు) ఎత్తున ఉన్న విమానం ఎడమ వైపుకు తిరిగి, వేగంగా ఎత్తు కోల్పోవడం రాడార్‌లో ఆఖరున నమోదైంది. ఆపదలో ఉన్నామన్న సందేశం ఏదీ పైలట్ల నుండి రాలేదు.

గాలింపు

అదే రోజు నౌకాదళం, వాయుసేన, తీర రక్షక దళం కలిసి గాలింపు మొదలుపెట్టాయి. గాలింపు ముమ్మరంగా సాగిన రోజులలో పదిహేనుకు పైగా నౌకలు, ఒక జలాంతర్గామి, అరక్కోణం నుండి ఎగిరే పి-8ఐ సముద్ర నిఘా విమానాలు, డోర్నియర్‌లు, సి-130లు పాల్గొన్నాయి. ఇస్రో వారి రీశాట్ ఉపగ్రహ చిత్రాలను పరిశీలించారు. రక్షణ మంత్రి మనోహర్ పారికర్ మరునాడే తాంబరం చేరుకుని గాలింపు ప్రాంతాన్ని విమానం నుండి చూశారు. సముద్రంపై భారతదేశం జరిపిన అతిపెద్ద గాలింపులలో ఇది ఒకటి. నీటిపై తేలుతూ కనిపించిన కొన్ని వస్తువులను సేకరించి చూశారు గాని అవి ఈ విమానానివి కావు.

నైరుతి ఋతుపవనాల కాలంలో బంగాళాఖాతం అల్లకల్లోలంగా ఉంటుంది. తేలే వస్తువు ఏదైనా ఉంటే ప్రవాహాలు దానిని ఒక్క రోజులోనే పదుల కిలోమీటర్ల దూరం తీసుకుపోగలవు. తప్పిపోయిన పడవలు, మనుషులు ఎటు కొట్టుకుపోయి ఉంటారో గాలి, ప్రవాహాల లెక్కలతో అంచనా కట్టే "సరాత్" అనే సాధనాన్ని హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) 2016లోనే ప్రవేశపెట్టింది. కాని ఇట్టి లెక్కలు నీటి ఉపరితలానికి పనికివస్తాయి. మునిగిపోయిన దానిని వెదకడం వేరే పని.

ఆ ప్రాంతంలో సముద్రపు లోతు సుమారు మూడున్నర వేల మీటర్లు. ఈ లోతును ఊహించుకోవడానికి ఒక పోలిక: తూర్పు కనుమలలోని ఎత్తైన శిఖరాలలో ఒకటైన అర్మ కొండ ఎత్తు 1,680 మీటర్లు. అట్టి కొండలు రెండు ఒకదానిపై ఒకటి నిలబెట్టినా శిఖరం నీటిపైకి రాదు. అంత లోతున సూర్యరశ్మి ఉండదు, గజ ఈతగాళ్ళు దిగలేరు, సాధారణ జలాంతర్గాములూ దిగలేవు. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి సాగర్ నిధి, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వారి సముద్ర రత్నాకర్ అనే పరిశోధన నౌకలను రప్పించి సముద్రగర్భాన్ని శోధించారు. ఫలితం లేకపోయింది. 2016 సెప్టెంబరులో వాయుసేన 29 మందినీ మరణించినవారిగా భావిస్తున్నట్లు వారి కుటుంబాలకు లేఖలు రాసింది.

విమానం ఎందుకు పిలవలేదు

కూలిపోయిన విమానం తన ఉనికిని తెలియజేయడానికి రెండు రకాల పరికరాలు ఉంటాయి. సాధారణ పాఠకులు వీటిని ఒకటిగా పొరబడతారు కనుక కొంత వివరించవలసి ఉంది.

మొదటిది అత్యవసర రేడియో సంకేత పరికరం. విమానం గట్టిగా ఢీకొన్నపుడు ఇది తనంతట తాను మేలుకొని 406 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై సంకేతాలు పంపుతుంది. కోస్పాస్-సార్శాట్ అనే అంతర్జాతీయ వ్యవస్థకు చెందిన ఉపగ్రహాలు వాటిని అందుకుంటాయి. భారతదేశంలో ఈ సంకేతాలను స్వీకరించే కేంద్రం బెంగుళూరులో ఉంది. కాని రేడియో తరంగాలు సముద్రపు నీటిలో ప్రయాణించలేవు. పరికరం నేలపై పడితే పిలుపు వినిపిస్తుంది, విమానంతో పాటే మునిగిపోతే ఆ పిలుపు నీటిలోనే అణగిపోతుంది. కె-2743లో ఉన్నది ఈ రకమే. దానితో పాటు చేతితో పనిచేయించే మరొక పరికరం ఉంది గాని, దానిని నొక్కడానికి ఎవరో ఒకరు బ్రతికి ఉండాలి.

రెండవది నీటి అడుగున ధ్వని సంకేతాలు పంపే పరికరం. దీనిని విమాన రికార్డర్లకు తగిలిస్తారు. నీరు తగలగానే 37.5 కిలోహెర్ట్జ్ వద్ద సెకనుకు ఒకసారి టిక్కుమంటుంది. మనిషి చెవికి వినబడని ఈ శబ్దాన్ని నీటిలోకి దించిన గ్రాహకాలు రెండు, మూడు కిలోమీటర్ల దూరం నుండి పట్టగలవు. పాత పరికరాలలో బ్యాటరీ 30 రోజులు వచ్చేది, తరువాతి కాలపు నిబంధనలు దీనిని 90 రోజులకు పెంచాయి. పౌర విమానాలలో తప్పనిసరి అయిన ఈ చిన్న పరికరం కె-2743లో లేదు.

ఇది ఉంటే వెంటనే దొరికి ఉండేదని ఖచ్చితంగా అనలేము. 2009లో అట్లాంటిక్ మహాసముద్రంలో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో ఇవి ఉన్నా వాటి శబ్దం ఎవరికీ వినిపించలేదు. ఆ విమానం రికార్డర్లను సుమారు 3,900 మీటర్ల లోతు నుండి 2011లో వెలికితీశారు. అప్పుడే వేగాన్ని కొలిచే గొట్టాలలో మంచు పేరుకోవడంతో మొదలై, ఆపై పైలట్ల పొరపాట్లతో ప్రమాదం జరిగిందని తేలింది. అయినా, గంటల తరబడి సముద్రంపై ఎగరవలసిన విమానానికి ఈ పరికరం అమర్చకపోవడం పెద్ద లోపమే. ఇది ప్రమాదాన్ని కలిగించిన లోపం కాదు, ప్రమాదం గురించి తెలుసుకోనివ్వని లోపం.

కారణంపై ఊహలు

విద్రోహ చర్యకు అవకాశం చాలా తక్కువని రక్షణ మంత్రి పార్లమెంటుకు చెప్పారు. మిగిలినవి వాతావరణం, యాంత్రిక లోపం.

క్యుములోనింబస్ మేఘంలో గాలి నిట్టనిలువుగా పైకీ, కిందికీ తీవ్ర వేగంతో వీస్తుంది. ఋతుపవన కాలంలో బంగాళాఖాతంపై సుమారు ఐదు కిలోమీటర్ల ఎత్తు దాటితే ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కంటే దిగువకు పడిపోతుంది. ఏడు కిలోమీటర్ల ఎత్తున ఎగురుతున్న విమానానికి మంచు పట్టే ప్రమాదం కూడా ఉంటుంది.

యాంత్రిక లోపం విషయానికి వస్తే, రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజన్ ఆగినంత మాత్రాన కూలిపోదు. రెండవ ఇంజన్‌తో ఎగిరేలాగానే దానిని రూపొందిస్తారు. అయితే టర్బోప్రాప్ విమానంలో ఒక చిక్కు ఉంది. ఆగిన ఇంజన్ ప్రొపెల్లర్ రేకులను గాలికి అంచు చూపేలా వెంటనే తిప్పాలి. దీనిని ఫెదరింగ్ అంటారు. అలా తిరగకుండా రేకులు గాలికి అడ్డంగా నిలిచిపోతే, ఆ వైపు పెద్ద పళ్ళెం అడ్డుపెట్టినట్లు అవుతుంది. విమానం ఆ వైపుకు గుంజుకుపోయి, వేగం తగ్గి, అదుపు తప్పవచ్చు. ఎడమ ఇంజన్‌కు ఇట్లా జరిగితే రాడార్‌లో కనిపించేది ఎడమ వైపు మలుపు, ఎత్తు కోల్పోవడమే. కాని మేఘాన్ని తప్పించడానికి పైలట్ ఎడమకు తిరిగి గాలివాటులో చిక్కుకున్నా, నియంత్రణ తలాలలో ఏదో బిగుసుకుపోయినా, నిర్మాణంలో ఏదో భాగం విరిగినా రాడార్‌కు అదే గీత కనిపిస్తుంది. ఆ ఒక్క గీతను పట్టుకొని యాంత్రిక లోపమే కారణమని తేల్చడం, ఆ మాటకొస్తే కాదని తేల్చడం, రెండూ తొందరపాటే.

అరక్కోణంతో పోలిక

ఇక్కడ మరొక ప్రమాదాన్ని గుర్తుచేసుకోవడం అవసరం. 1999 జనవరి 11న తమిళనాడులోని అరక్కోణం వద్ద హెచ్.ఎస్-748 (ఆవ్రో) రవాణా విమానం ఒకటి కూలి, నలుగురు శాస్త్రవేత్తలు, నలుగురు వాయుసేన సిబ్బంది మరణించారు. గగనతల నిఘా కోసం రక్షణ పరిశోధన సంస్థ (డి.ఆర్.డి.ఓ.) ఆ విమానం వీపుపై పళ్ళెం వంటి తిరిగే రాడార్ గుమ్మటాన్ని అమర్చి పరీక్షిస్తోంది. ఆ గుమ్మటం గాలిలో ఊడి తోక భాగానికి తగలడంతో విమానం అదుపు తప్పింది.

అది నేలపై పడింది. శకలాలు చేతికి అందాయి, ఏది ముందు విరిగిందో, ఏది దేనికి తగిలిందో నిర్ధారించగలిగారు. ఆ ప్రాజెక్టు ఆగిపోయింది. గుమ్మటం తిరిగే పద్ధతిని విడిచి, వీపుపై స్థిరంగా ఉండే ఆంటెనాతో బ్రెజిల్ తయారీ ఎంబ్రాయర్ విమానంపై కొత్త రూపకల్పన జరిగింది. "నేత్ర" పేరుతో అది 2017లో వాయుసేనకు అందింది. ఎనిమిది ప్రాణాలు పోయాక అయినా, ఏమి మార్చాలో తెలిసింది.

బంగాళాఖాతం ప్రమాదం తరువాత ఇట్టి అవకాశం లేకపోయింది. కె-2743లో నిజంగా యాంత్రిక లోపమే ఉండి ఉంటే అదే లోపం తోటి ఏ.ఎన్-32లలో ఉన్నదా అన్న ప్రశ్నకు, శకలాలు లేకుండా సమాధానం దొరకదు. ఆ తోటి విమానాలలో మాత్రం మనుషులు ఎగురుతూనే ఉన్నారు.

శకలాల ఆచూకీ

2024 జనవరి 12న రక్షణ శాఖ ఒక ప్రకటన చేసింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, విమానం చివరిసారి కనిపించిన ప్రాంతంలో మనిషి లేకుండా తనంతట తాను నడిచే లోతు సముద్ర వాహనాన్ని దించిందని, చెన్నై తీరం నుండి సుమారు 310 కి.మీ. దూరంలో, 3,400 మీటర్ల లోతున విమాన శకలాలు దాని చిత్రాలలో కనిపించాయని అందులో తెలిపింది. పరిశీలించగా అవి ఏ.ఎన్-32 శకలాలతో సరిపోలాయి. ఆ ప్రాంతంలో మరే ఇతర విమానమూ కూలిన దాఖలా లేదు కనుక అవి కె-2743వే కావచ్చునని ప్రకటన పేర్కొంది.

ఓమే-6000 అనే ఈ నార్వే తయారీ వాహనం అసలు పని సముద్రగర్భంలోని ఖనిజాలను వెదకడం. ఇది 6,000 మీటర్ల లోతు వరకు దిగగలదు. నౌక నుండి పంపే ధ్వని తరంగాలు మూడున్నర కిలోమీటర్ల నీటిని దాటి వెనుకకు వచ్చేసరికి చిన్న వస్తువుల ఆకారం చెదిరిపోతుంది. ఈ వాహనం అడుగుకు దగ్గరగా దిగి, సోనార్‌తో పటం గీసి, అనుమానం కలిగిన చోట ఫొటోలు తీస్తుంది. 2016లో ఇటువంటి వాహనం సంస్థ చేతిలో లేదు.

కుటుంబాలు, చట్టం

2024 జూన్ వరకు అమలులో ఉన్న భారత సాక్ష్యాధార చట్టం (1872) 108వ సెక్షను ప్రకారం, ఒక వ్యక్తి గురించి సహజంగా తెలియవలసిన వారికి ఏడు సంవత్సరాల పాటు ఏమీ తెలియకపోతే, అతడు బ్రతికి ఉన్నాడని రుజువు చేసే బాధ్యత ఆ మాట అనేవారిపై పడేది. వాయుసేన ఆ గడువు కోసం ఆగకుండా రెండు నెలలలోనే మరణాలను భావించి ప్రకటించింది. పింఛను, పరిహారం, బ్యాంకు ఖాతాల వంటి వ్యవహారాలు నడవడానికి ఇది అవసరం. కాని శరీరం గానీ, శకలం గానీ చూడకుండా కర్మకాండలు జరిపించడం తేలికైన పని కాదు. విశాఖలోని కొన్ని కుటుంబాలు లేఖ అందిన తరువాత కూడా గాలింపు కొనసాగించాలని కోరాయి. ఏడేళ్ళ గడువు 2023 జూలైతో నిండింది. శకలాల వార్త ఆ తరువాత ఆరు నెలలకు వచ్చింది.

ఏ.ఎన్-32ల ఇతర ప్రమాదాలు

2019 జూన్ 3న అస్సాంలోని జోర్హాట్ నుండి అరుణాచల్ ప్రదేశ్‌లోని మెచుకాకు వెళ్తున్న ఏ.ఎన్-32 అడవి కొండలలో కూలి 13 మంది మరణించారు. నేలపై పడినా దాని సంకేతమూ అందలేదు. జూన్ 11న హెలికాప్టర్ నుండి చూసి శకలాలను గుర్తించారు.

సముద్రంపై పోయిన మొదటి ఏ.ఎన్-32 మాత్రం ఇంకా పాతది. 1986 మార్చి 25న సోవియట్ యూనియన్ నుండి మస్కట్ మీదుగా జామ్‌నగర్‌కు కొత్తగా తీసుకువస్తున్న విమానం ఏడుగురితో సహా అరేబియా సముద్రంపై అదృశ్యమైంది. దాని శకలం ఒక్కటి కూడా దొరకలేదు.